ముహూర్తం గుళ్ళో, ఫోటోలు గోతిక్ క్యాంపస్‌లో: ఒకే రోజు కుదురుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. అమ్మాయి అమెరికాలో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేసింది. పెళ్ళి అక్టోబరు మూడో వారంలో, ఆదివారం, ఆ ఊరి శివార్లలోని పెన్‌హిల్స్ శ్రీ వేంకటేశ్వర ఆలయంలో. ముహూర్తం పొద్దున 10:40కి, రిసెప్షన్ సాయంత్రం 6 గంటలకు. ఈ రెండింటి మధ్య ఖాళీలో, తను చదువుకున్న కెథెడ్రల్ ఆఫ్ లెర్నింగ్‌లోనూ దాని పక్కనున్న హైంజ్ చాపెల్ దగ్గరా ఫోటోలు దిగాలని అమ్మాయి పట్టు. రెండు గంటలు చాలతాయా, హైదరాబాద్ నుంచి మన ఫోటోగ్రాఫర్‌ని రప్పించుకోవచ్చా, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. పెళ్ళి రోజున ఆ క్యాంపస్ జోలికి వెళ్ళకండి. పెళ్ళయ్యాక, పదహార్రోజుల పండగ లోపు, ఒక మామూలు పొద్దున వెళ్ళండి. వాళ్ళిద్దరు, వెంట మహా అయితే ఇంకో ఇద్దరు. గంటన్నర చాలు. ముందే యూనివర్సిటీ నుంచి మెయిల్లో అనుమతి తీసుకోండి. ఫోటోగ్రాఫర్ ఇదివరకు ఆ భవనంలో తీసినవాడైతే మంచిది, కాకపోతే కనీసం ముందురోజు వెళ్ళి చూసి రాగలిగేవాడు కావాలి.

నా సంగతి రెండు ముక్కల్లో. తెనాలిలో మా మేనమామ స్టూడియోలో ఫిల్ము కడగడంతో మొదలుపెట్టాను. పదహారేళ్ళుగా ఒహాయో, పెన్సిల్వేనియా వైపు తెలుగు పెళ్ళిళ్ళు తీస్తున్నాను. ఆ గుళ్ళో ఎన్ని పెళ్ళిళ్ళు తీశానో లెక్క లేదు. ఆ క్యాంపస్‌లో మాత్రం లెక్క ఉంది: పదకొండు జంటలు. అందులో నాలుగు పెళ్ళి రోజునే తీసినవి. ఆ నాలుగింటిలో ఒక్క ఫోటో కూడా నేను ఎవరికీ చూపించను.

ముందు గడియారం సంగతి. 10:40 ముహూర్తం అంటే 10:40కి జీలకర్ర బెల్లం. పెళ్ళి అయిపోయినట్టు కాదు కదా. ఆ తర్వాత మంగళసూత్రం, తలంబ్రాలు, బ్రహ్మముడి, సప్తపది, పట్టపగలు అరుంధతీ దర్శనం. ఆపైన అక్షింతలు వేసి ఫోటో దిగడానికి వరసలో నిలబడ్డ జనం. దంపతులు భోజనానికి కూర్చునేసరికి రెండవుతుంది. ఇక అప్పగింతలు. గుడి నుంచి ఓక్లండ్‌కి, అంటే యూనివర్సిటీ ఉన్న పేటకి, మామూలుగా పాతిక ముప్పై నిమిషాలు. కానీ మధ్యలో స్క్విరల్ హిల్ సొరంగం ఉంది. ఏ కారణమూ లేకుండా ఆ సొరంగం ముందు బ్రేకు తొక్కడం ఈ ఊరివాళ్ళ ఆచారం. అక్కడ ముప్పై నిమిషాలు యాభై అవుతాయి.

ఒక పెళ్ళిలో ఇలాగే మూడింటికి చేరాలనుకుని నాలుగుంబావుకి చేరాం. హోమం పొగకి ఒకసారి, అప్పగింతలకి ఒకసారి, పెళ్ళికూతురి కళ్ళు రెండుసార్లు ఎర్రబడ్డాయి. పూలజడ పొద్దున ఐదింటికి కట్టింది, మల్లెలు రంగు మారిపోయాయి. ఐదున్నరకల్లా రిసెప్షన్ మేకప్‌కి కూర్చోవాలని మేకప్ అమ్మాయి ఐదు నిమిషాలకోసారి ఫోను. ఆ ఫోటోల్లో వెనక భవనం అద్భుతంగా ఉంది. ముందు నిలబడ్డ ఇద్దరూ ఎప్పుడు కూర్చుందామా అన్నట్టున్నారు. సంవత్సరం తర్వాత ఆ అమ్మాయే అంది, "అంకుల్, ఆ పేజీలు తిప్పేస్తుంటాను" అని.

మరి పెళ్ళికి ముందు పెట్టుకుంటే అంటారేమో. పట్టుచీర, పూలజడ, నగలతోనే కావాలంటే దానికీ చిక్కుంది. పెళ్ళికూతుర్ని చేశాక పొలిమేర దాటకూడదని మీ ఇంట్లో ఎవరో ఒక పెద్దావిడ అననే అంటారు. అనకపోయినా, మెడలో సూత్రాలు లేకుండా, కాళ్ళకి మెట్టెలు లేకుండా పెళ్ళిచీరలో దిగిన ఫోటో ఆల్బమ్‌లో అతకదు. పెళ్ళయ్యాక అయితే ఏ గొడవా లేదు. నల్లపూసలు, మెట్టెలు అన్నీ ఉంటాయి, మనుషులు నిద్రపోయి లేచి ఉంటారు. చుట్టాల్లో సగం మంది విమానాలెక్కేసి ఉంటారు, ఇది ఇంకా మంచిది.

ఇక ఆ భవనం. కెథెడ్రల్ అంటే మీరు చర్చి అనుకోవద్దు, పేరే అలాంటిది. అది తరగతులు జరిగే భవనం, గోతిక్ పద్ధతిలో, అంటే యూరప్ పాత చర్చిల్లా మొనదేరిన కమానులతో కట్టింది. 42 అంతస్తులు, 535 అడుగులు. 1926లో మొదలై 1937లో ప్రారంభోత్సవం జరిగింది. ఛార్లెస్ క్లాడర్ అనే ఆర్కిటెక్టు గీశాడు. కట్టేటప్పుడు ఊళ్ళో బడిపిల్లలు దాదాపు 97,000 మంది తలా 10 సెంట్లు ఇచ్చారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆ భవనాన్ని ఊరివాళ్ళు తమ సొంతంగా చూసుకుంటారు. అక్కడ గార్డుతో "మేం ఫోటోగ్రాఫర్‌కి రెండు వేల డాలర్లు ఇచ్చాం" అని వాదిస్తే పని జరగదు.

కింద అంతస్తులో కామన్స్ రూమ్ ఉంది. నాలుగంతస్తుల ఎత్తు హాలు. మొనదేరిన కమానులు, రాతి స్తంభాలు, పలకరాయి నేల. ఆ కమానులు అలంకారానికి పెట్టినవి కావు, ఇనుప దూలాల సాయం లేకుండా రాయి మీద రాయి నిలబడి బరువు మోసే అసలు కమానులు. మెదక్ చర్చి లోపల ఒకసారి నిలబడ్డవాళ్ళకి గోతిక్ అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు: మెడ తనంతట తానే పైకి లేస్తుంది. నేను రంగుగాజు కిటికీని మొట్టమొదట ఫోటో తీసి పాడుచేసింది అక్కడే, ఫిల్ము రోజుల్లో. 1924 నాటి చర్చి అది. దాని గోపురం 175 అడుగులు. ఇక్కడి టవరు దానికి మూడింతలు.

కానీ కామన్స్ రూమ్ ఫంక్షన్ హాల్ కాదు, చదువుకునే గది. పొద్దున్నుంచి రాత్రి దాకా పిల్లలు ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చుంటారు. అంత పెద్ద హాలైనా రొద ఉండదు, కప్పులో కమానుల మధ్య శబ్దాన్ని పీల్చే పెంకులు పెట్టారు. ఆ నిశ్శబ్దంలో మనం ఇరవైమందిమి పట్టుచీరల గరగరతో దిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒకసారి ఒక పెద్దమ్మ గారు ఈ చివరి నుంచి ఆ చివరికి "ఒసేయ్, వడ్డాణం పక్కకి జరిగిందే!" అని కేకేశారు. ఒక్కసారిగా నలభై తలలు పైకి లేచాయి. పెళ్ళికొడుకు అక్కడే రీసెర్చ్ చేస్తున్నాడు, పాపం, ఆ నలభైలో కొందరు అతనికి తెలిసినవాళ్ళే.

అందుకే నలుగురే రండి అంటున్నాను. కుచ్చిళ్ళు సర్దడానికి ఒక అక్కో వదినో ఉండాలి, చేతిలో పిన్నీసులు, దువ్వెన, కోట్లు. ఇంకొకరు ఎవరైనా. అంతే.

అనుమతి నోటిమాటగా వద్దు, రాతలో తీసుకోండి. ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు, ఎంతమంది, ట్రైపాడ్ పెట్టొచ్చా, లైటు స్టాండు పెట్టొచ్చా, ఈ నాలుగూ మెయిల్లో స్పష్టంగా అడగండి. ఫోటోగ్రాఫర్‌కి ఇన్సూరెన్స్ ఉందా అని వాళ్ళు అడగొచ్చు. ఈ దేశంలో ఇలాంటి చోట్ల సాధారణంగా 10 లక్షల డాలర్ల లయబిలిటీ కవరేజీ (మన వల్ల ఎవరికైనా దెబ్బ తగిలినా, ఏదైనా పాడైనా చెల్లించే బీమా) ఉన్న సర్టిఫికెట్ చూపించమంటారు. ఇక్కడ పని చేసేవాళ్ళ దగ్గర అది ఉంటుంది, ఒక్కరోజులో పంపిస్తారు. లేనివాడు ఇక్కడ మొహమాటపడతాడు, అతని గురించి అదొక ఆనవాలు.

నేను దెబ్బతిన్నాను కనుక చెప్తున్నా. వేరే రాష్ట్రంలో ఇలాంటిదే ఒక పాత రాతి క్యాంపస్, పేరెందుకులెండి. పెళ్ళికూతురి స్నేహితురాలు అక్కడ ఉద్యోగి, "ఏం కాదు, నేను చెప్తాను" అంది. ట్రైపాడ్ విప్పి కెమెరా బిగించానో లేదో గార్డు వచ్చాడు. స్నేహితురాలు ఫోను ఎత్తలేదు. అరగంట బయట చలిలో నిలబడి, చివరికి పార్కింగ్ పక్కనున్న గోడ దగ్గర తీసుకుని వచ్చేశాం. ఆల్బమ్‌లో అది ఏ గోడో ఎవరికీ తెలియదు కానీ నాకు తెలుసు.

హైంజ్ చాపెల్ సంగతి వేరు. కెచప్ సీసా మీద కనిపించే హైంజే. హెన్రీ జాన్ హైంజ్ తన తల్లి జ్ఞాపకంగా కట్టించమని వీలునామా రాస్తే, పిల్లలు ఇంకొంత డబ్బు కలిపి కట్టించారు. 1938లో తెరిచారు. దాన్ని గీసిందీ క్లాడరే. ఏ ఒక్క చర్చి శాఖకీ చెందినది కాదు, కనుక అందులో రకరకాల పెళ్ళిళ్ళు జరుగుతుంటాయి. శనివారాలైతే ఒకరి తర్వాత ఒకరు. "పక్కనే కదా, లోపలికి వెళ్ళి రెండు ఫోటోలు దిగొస్తాం" అంటే, లోపల ఇంకొకరి పెళ్ళి జరుగుతుంటుంది. లోపల కావాలంటే వాళ్ళ ఆఫీసుతో విడిగా మాట్లాడండి. బయటి మెట్లు, ఆ సున్నపురాయి గోడ, ఎదుట పచ్చిక చాలు నన్నడిగితే.

కొందరు పెళ్ళే అక్కడ చేద్దామా అని అడుగుతుంటారు, ముఖ్యంగా అబ్బాయో అమ్మాయో వేరే మతం అయినప్పుడు. ఉంగరాలు, దండలు మార్చుకోవడం అక్కడ పెట్టుకోండి, బాగుంటుంది. హోమం గుళ్ళో చేసుకోండి. రంగుగాజు, చెక్క బల్లలు, పొగ పసిగట్టే యంత్రాలు ఉన్నచోట అగ్నిహోత్రం గురించి బేరాలాడటం అనవసరపు టెన్షన్. పైగా పెన్‌హిల్స్ గుడి 1970ల్లో కట్టింది, ఈ దేశంలో మనవాళ్ళ మొదటి గుళ్ళలో ఒకటి. అక్కడి మంటపంలో కూర్చున్న ఫోటోకి గోతిక్ ఏదీ సాటిరాదు.

కిటికీలతో జాగ్రత్త. చాపెల్‌లో 23 రంగుగాజు కిటికీలు ఉన్నాయి. ఛార్లెస్ కానిక్ అనే బోస్టన్ కళాకారుడివి. రెండు పక్కలా ఉన్న పెద్దవి 73 అడుగుల ఎత్తు. మొత్తం రెండున్నర లక్షల దాకా గాజు ముక్కలట. ఎవరైనా లోపలికి అడుగుపెట్టగానే పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళి ఆ కిటికీ ముందు నిలబెడతారు. అక్కడే ఫోటో చచ్చిపోతుంది. మామూలు పగలు ఆ కిటికీకీ, దాని ముందున్న ముఖానికీ వెలుగులో ఐదారు స్టాపుల తేడా ఉంటుంది. ఒక్కో స్టాపుకీ వెలుగు రెట్టింపు, అంటే ఆరు స్టాపులకి 64 రెట్లు. కిటికీ రంగులు కావాలంటే ముఖం నల్లబడుతుంది, ముఖం కావాలంటే కిటికీ తెల్లటి బెజ్జం అవుతుంది. ఫ్లాష్‌ని కప్పు మీదికి కొట్టి వెలుగు కిందికి రప్పించుకోవడం మన కళ్యాణమండపాల్లో అలవాటు. ఇక్కడ కప్పు ఎక్కడో ఆకాశంలో ఉంటుంది, కొట్టిన వెలుగు తిరిగి రాదు.

నేను చేసేది చెప్తాను. జంటని కిటికీ ముందు కాకుండా, కిటికీకి ఎదురుగా, దాని వెలుగు పక్క నుంచి ముఖాల మీద పడేలా నిలబెడతాను. వాళ్ళు చూసేది కిటికీ, నేను తీసేది వాళ్ళని. కిటికీ తప్పనిసరిగా కనబడాలంటే, కిటికీకి తగ్గట్టు ఎక్స్‌పోజర్ పెట్టి, ముఖాలకి పక్కనుంచి చిన్న లైటు, ఒక మనిషి చేత్తో పట్టుకుని. స్టాండు వద్దంటారు కానీ మనిషిని వద్దనరు.

ఎండ సూటిగా పడుతున్నప్పుడు ఇంకో చిక్కు. నేల మీద, మనుషుల మీద నీలం, ఎరుపు మచ్చలు పడతాయి. చూడటానికి దేవలోకంలా ఉంటుంది. పసుపు రాసుకున్న ముఖం మీద ఆ నీలం పడితే మాత్రం ఫోటోలో మనిషి వారం రోజులు జ్వరంతో లేచినట్టు ఉంటుంది. కానిక్ గాజులో నీలం బాగా ఎక్కువ. కంప్యూటర్లో సరిచేద్దాంలే అనుకుని ఒకసారి మూడు రాత్రులు కూర్చున్నాను, ముఖం సరిచేస్తే చీర చెడింది, చీర సరిచేస్తే నగలు చెడ్డాయి. మబ్బు పట్టిన రోజైతే ఈ బాధ లేదు, వెలుగు మెత్తగా వస్తుంది. పిట్స్‌బర్గ్‌లో మబ్బుకి కరువు లేదు.

కామన్స్ రూమ్‌లో వెలుగు తక్కువ. నా కెమెరాలో ఐఎస్‌ఓ 3200, అపర్చర్ 2.8, షట్టర్ సెకనులో 1/60 వంతు దగ్గర తిరుగుతుంటుంది. జంట కదలకుండా నిలబడితే చాలు. ఆ షట్టర్ దగ్గర హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళకి ఒక మాట: మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, ఇక్కడ 60. అక్కడ 1/100 పెట్టుకునే అలవాటుతో ఇక్కడ ఎల్‌ఈడీ, ట్యూబులైట్ల కింద తీస్తే ఫోటోలో అడ్డంగా నీడ చారలు రావచ్చు. 1/60 గానీ 1/125 గానీ పెట్టుకోవాలి. వీడియో తీసేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. ఇండియా నుంచి వచ్చిన ఒక కుర్రాడు, చాలా మంచి పనిమంతుడు, రిసెప్షన్ వీడియో మొత్తం చారలతో పట్టుకెళ్ళాడు. ఎవరూ చెప్పలేదతనికి.

టవరు మొత్తం కనబడాలి అంటే. ప్రతి తండ్రీ అడుగుతారు ఇది, మీరూ అడుగుతారు. దగ్గర నిలబెట్టి కెమెరా పైకెత్తితే టవరు వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది, జంట కాళ్ళు పొట్టిగా వస్తాయి. నిలువు గీతలు నిలువుగా ఉండటమే గోతిక్ అందం, అవి వంగిపోతే ఇంకేముంది. కెమెరాని వంచకుండా నిలువుగా పట్టుకుని, 24 ఎంఎం లెన్స్‌తో 535 అడుగులు పట్టాలంటే సుమారు 700 అడుగులు వెనక్కి వెళ్ళాలి. షిఫ్ట్ లెన్స్ (కెమెరా వంచకుండా లెన్సునే పైకి జరపగలిగేది) ఉంటే 430 అడుగులు సరిపోతుంది. అందుకే నేను ఫోర్బ్స్ అవెన్యూ దాటి షెన్లీ ప్లాజా వైపు వెళ్ళిపోతాను. జంటని నాకు పదిహేను అడుగుల్లో నిలబెట్టి, టవరుని వెనక వదిలేస్తాను. అక్టోబరు మూడో వారానికి చెట్లు రంగు మారి ఉంటాయి. సూర్యోదయం ఏడున్నర దాటాక, అస్తమయం 6:35 ప్రాంతంలో. పొద్దున ఎనిమిదికల్లా అక్కడుంటే పచ్చిక మీద మంచు, జనం తక్కువ.

డ్రోన్ మాటెత్తకండి. డబ్బు తీసుకుని డ్రోన్ ఎగరేయాలంటే ఈ దేశంలో లైసెన్సు కావాలి, క్యాంపస్ అనుమతి వేరే. పక్కనే ఆస్పత్రులకి హెలికాప్టర్లు వస్తుంటాయి. వీటన్నిటికీ తోడు ఆ టవరు మీద పెరెగ్రైన్ డేగలు కాపురముంటాయి. వాటికి ఊళ్ళో అభిమానులు చాలామంది.

చీర గురించి ఆడవాళ్ళు అడగాల్సింది మీరు అడగలేదు, అయినా చెప్తాను. ఈమధ్య గంధం రంగు, లేత బంగారు రంగు పట్టుచీరలు ఫ్యాషన్. ఆ రాయి కూడా సరిగ్గా అదే రంగు. చీర, గోడ కలిసిపోయి మనిషి తల ఒక్కటే తేలుతుంది. కుంకుమ ఎరుపు, నెమలికంఠం, ముదురు ఆకుపచ్చ, మామిడిపండు రంగు, వీటిలో ఏదైనా ఆ రాతి ముందు దీపంలా వెలుగుతుంది. తెలుపే అయినా ఎర్రంచు మధుపర్కాలు మినహాయింపు, ఆ అంచు గీసినట్టు కనబడుతుంది. జరీ ఎక్కువున్న కంచిపట్టు మీద ఎదురు ఫ్లాష్ కొడితే అంచంతా తెల్లగా కాలిపోతుంది, పక్క నుంచి వెలుగు ఇస్తే పోగు పోగూ కనిపిస్తుంది. పూలజడ ఉంటే ముందు నుంచి తీసే ఫోటోలు నాలుగు తగ్గించి, వెనక నుంచి, ఆమె కమానుల మధ్య నడిచి వెళ్తుండగా తీయించండి. ఆ పొడవాటి స్తంభాలకి పొడవాటి జడ భలే జత.

చలి గురించి తేలిగ్గా తీసుకోవద్దు. ఆ పొద్దుటిపూట ఐదారు డిగ్రీలు ఉంటుంది. పరికిణీ లోపల మందపాటి లెగ్గింగ్స్, ఫోటోకి ఫోటోకి మధ్య కోటు. ముక్కు ఎర్రబడితే మేకప్ ఏమీ చేయలేదు. పలకరాయి నేల మీద కొత్త చెప్పులు జారతాయి, మెట్టెలు కొత్తవైతే నొక్కుకుంటాయి.

అదే భవనంలో వివిధ దేశాల పేరిట కట్టిన తరగతి గదులు 31 ఉన్నాయి. అందులో ఇండియన్ రూమ్ ఒకటి, నలందా విశ్వవిద్యాలయపు ప్రాంగణం నమూనాలో, గులాబీ ఛాయ ఇటుకతో కట్టింది. 2000లో ప్రారంభించారు. గోతిక్ టవరు కడుపులో నలందా! చాలామంది మనవాళ్ళకి అది అక్కడ ఉందనే తెలియదు. తరగతులు జరిగే గది కనుక అనుమతి లేకుండా ఆశ పెట్టుకోవద్దు. మెయిల్ రాసేటప్పుడు దాని గురించి ఒక వాక్యం వేయండి, దొరికితే దొరికినట్టు.

ఇక హైదరాబాద్ ఫోటోగ్రాఫర్. అతని పనితనం మీద నాకు అనుమానం లేదు, తలంబ్రాల దగ్గర మనవాళ్ళ చురుకుదనం ఇక్కడివాళ్ళకి రాదు. కానీ టూరిస్టు వీసా మీద వచ్చి ఇక్కడ డబ్బు తీసుకుని పని చేయడం కుదరదు. "చుట్టం అని చెప్పేయమందాం" అనుకుంటే ఎయిర్‌పోర్టులో అతన్ని ఇరకాటంలో పెట్టినట్టే. కెమెరాలు రెండు, లెన్సులు ఆరు మోసుకొచ్చిన చుట్టాన్ని ఎవరు నమ్ముతారు? నిజంగా రప్పించాలనే ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగి చేయండి. లేదంటే నేను చాలామందికి చెప్పే దారి: తీయడం ఇక్కడివాళ్ళ చేత తీయించి, ఒరిజినల్ ఫైళ్ళు తీసుకుని, ఆల్బమ్ డిజైనూ ప్రింటూ హైదరాబాద్‌లో చేయించుకోండి. కరిజ్మా ఆల్బమ్ అక్కడ చేసినంత బాగా, అంత తక్కువలో ఇక్కడ చేయరు. ఫైళ్ళు ఇస్తారా లేదా అన్నది మాత్రం అడ్వాన్సు ఇవ్వకముందే అడగండి. ఇవ్వనివాళ్ళున్నారు.

ఎన్ని ఫోటోలు కావాలి అంటే, ఆ గంటన్నరలో ఆల్బమ్‌కి పనికొచ్చేవి ఇరవై వస్తే మంచి పని జరిగినట్టు. మూడొందలు ఇస్తానన్నవాడి దగ్గరికి వెళ్ళకండి. నేనైతే జంటని చాలా చిన్నగా, కమాను అడుగున, ఫ్రేములో ఎనిమిదో వంతు ఉండేలా పెట్టి ఒకటి తీస్తాను. ఫోన్లో చూస్తే "మేమెక్కడున్నాం?" అంటారు. గోడకి పెద్దది చేసి పెట్టించుకున్నది మాత్రం ఎప్పుడూ అదే. రెండోది, లిఫ్టుల దగ్గర శామ్యూల్ యెల్లిన్ అనే కమ్మరి చేసిన ఇనుప పని ఉంటుంది, దాని పక్కన దగ్గరగా చేతులు, గాజులు, గోరింటాకు. మిగతావి ఆ పూట వెలుగుని బట్టి.

నాలుగో మనిషి ఎవరని పైన చెప్పలేదు. అది మీరే అయితే బాగుంటుంది. రెండేళ్ళ కిందట ఒక తండ్రి వచ్చారు, ఖమ్మం దగ్గర పల్లెటూరు, అమెరికా రావడం అదే మొదలు. మేం తీసుకుంటుంటే ఆయన దూరంగా నిలబడ్డారు. కూతురు వెళ్ళి చెయ్యి పట్టుకుని ఒక మూల బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. "నాన్నా, రాత్రి ఫోన్ చేసేదాన్ని కదా, ఇదిగో ఇక్కణ్ణుంచే" అంది. ఆయన ఆ బల్ల మీద అరచెయ్యి ఆనించి ఊరికే అలా ఉండిపోయారు. నా దగ్గర ఆ క్షణానికి తప్పు లెన్స్ ఉంది, ఫోకస్ కూడా కొంచెం జారింది. వాళ్ళు ఆల్బమ్ మొదటి పేజీలో పెట్టుకున్నది దాన్నే.

కనుక మెయిల్ పంపేలోపు అమ్మాయిని ఒకటి అడిగి పెట్టుకోండి: తను ఏ బల్ల దగ్గర కూర్చునేదో. ఫోటోగ్రాఫర్ ఎవరైనా సరే, పొద్దున్నే ముందు అక్కడ మొదలుపెట్టమనండి, పిల్లలు వచ్చి ఆ బల్ల ఆక్రమించకముందే.